కొంగల జట్టు కోసం అధీకృత నిరీక్షణ

వాన కురిసే రోజున పట్టలు అమ్ముడుపోవు. పట్టల వ్యాపారంలో దిగిన ప్రతివాడూ ఈ సంగతి మొదటి ఏడాదే నేర్చుకుంటాడు. నేర్చుకోనివాడు రెండో ఏడాది వేరే వ్యాపారం చూసుకుంటాడు. కళ్ళంలో మిరపకాయలు పరిచి ఉంటాయి, తూర్పున మబ్బు లేస్తుంది, అప్పుడు రైతు పరుగెత్తుకొచ్చి బేరమైనా ఆడకుండా పట్ట తీసుకుపోతాడు. చినుకు పడ్డాక రాడు. కాయ తడిశాక పట్టతో ఏం పని? మా కొట్లో సరుకు టార్పాలినే గాని, గిరాకీ అంతా రాబోయే వాన మీదే.

నా పేరు పబ్బిశెట్టి నాగలింగం. సింగరాయపేట మెయిన్ బజారులో మా కొట్టు. ఎండ పడకుండా కొట్టు ముందు కట్టిన పట్ట మునిసిపాలిటీ వారి కాలవ దాటి మూడడుగులు రోడ్డు మీదికి వస్తుంది. మా నాన్నగారి కాలం నుంచీ వస్తోంది. ఎంతమంది కమిషనర్లు మారినా ఆ మూడడుగుల్లో అంగుళం కూడా నేను వదులుకోలేదు. ఈ కథలో ఆ మూడడుగులకి పని ఉంది.

అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ నాకెలా అంటుకుందో ముందు చెప్పాలి. ఒకసారి మద్రాసు హార్బరు సరుకులో పాత పట్టల బేలు చౌకగా దొరికింది. విప్పి చూస్తే ప్రతి పట్ట మీదా ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ, దాని తలకి ఇనప టోపీ. రైతులు ఎగబడి కొన్నారు. కొంగ పట్ట కప్పితే కాయ తడవదని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా పేరొచ్చింది. ఆ ఏడు అసలు వానే పడలేదన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

అమ్మే సరుకు మీద బొమ్మ ఎవరిదో తెలుసుకోకపోవడం మా వంశంలో లేదు. విచారిస్తే అది వెల్‌ఫోర్డ్ హెరాన్స్ అనే ఫుట్‌బాల్ జట్టు గుర్తని తేలింది. ఎలా ఉంటుందో చూద్దామని డిష్షు వాడికి చెప్పి ఆ ఛానెల్ పెట్టించాను. పేరుకి ఫుట్‌బాలే గాని కాలితో తన్నేది అరుదు. బంతి గుండ్రంగా ఉండదు, పీచు తియ్యని కొబ్బరికాయలా ఉంటుంది. మనుషులు ఒకరి మీద ఒకరు పడతారు, లేస్తారు, గుండ్రంగా నిలబడి చాలాసేపు మంతనాలు ఆడతారు, మళ్ళీ పడతారు. పడేదానికంటే మంతనాలే ఎక్కువ. మా వర్తక సంఘం సమావేశంలా అనిపించి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచీ కొంగలు నా జట్టు.

వాళ్ళు ఓడిపోతారు. అందులో దాపరికం ఏమీ లేదు. సెప్టెంబరులో ఆటలు మొదలైతే మూడో వారానికల్లా ఆశ అడుగంటుతుంది. కానీ ఆగస్టు ఉంది చూశారూ, ఆగస్టులో మా కొంగలు ఎవరికీ తీసిపోరు. అన్ని జట్ల ఓటములూ సున్నాయే. కొత్త శిక్షకుడు వస్తాడు, కొత్త కుర్రాళ్ళు వస్తారు, కిందటేడు విరిగిన మోకాలు అతుక్కుంటుంది. నేను కొట్లో కూర్చుని తాళ్ళు చుడుతూ, "ఈ ఏడు మనదే" అనుకుంటాను. మొదటి ఆట మనకి సోమవారం తెల్లవారుజామున వస్తుంది. ఏడాది మొత్తంలో ఆ ఒక్క రోజే నేను కొట్టు ఆలస్యంగా తీసేది.

"ఓడిపోయేవాళ్ళ కోసం తెల్లారగట్ట లేవడం ఏం సరదా అండీ? ఆ లేచేదేదో పాలవాడి కోసం లేస్తే, వాడు నీళ్ళు కలపడమైనా మానతాడు" అంటుంది మా ఆవిడ సుభాషిణి.

పక్కన పంక్చర్ల కొట్టు మస్తాన్ వలి మాట ఇంకాస్త కరుకు. "కొంగని నమ్ముకున్నోడివి నువ్వొక్కడివే శెట్టీ. చేపలు కూడా నమ్మవు దాన్ని."

ఇలా ఎవరికీ అడ్డం లేకుండా సాగుతున్న నా నిరీక్షణలో ప్రభుత్వం వేలు పెట్టింది.

ఓ ఏడాది పట్టణాలన్నిటికీ "ఉత్సాహ సూచిక" అనే ర్యాంకులు పెట్టారు. అంతకుముందు పరిశుభ్రతకి ర్యాంకులుండేవి. దానికి ఊడవాలి, ఎత్తాలి, పారబొయ్యాలి. ఉత్సాహానికి ఆ బాధ లేదు కనుక కమిషనర్లందరికీ ఈ పథకం బాగా నచ్చింది. పట్టణంలో పౌరులు రాబోయే ఆటల పోటీల కోసం ఎంత ఎదురుచూస్తున్నారో కొలిచి మార్కులు వేస్తారు. క్రికెట్టుకి మార్కుల్లేవు, అది ఎటూ అందరూ చూస్తారు. ఎవరికీ తెలియని ఆటకైతే మూడింతలు. పక్క పట్టణం గొల్లవరంలో ఐస్ హాకీ కోసం ఎదురుచూస్తున్న రిటైర్డు పోస్టుమాస్టరు ఒకాయన దొరికాడని కబురు వచ్చిన మర్నాడే, మా కమిషనర్ దైవసహాయం గారు మేనేజరు అనంతశయనాన్ని వెంటబెట్టుకుని నా కొట్టుకి వచ్చారు.

"సదరు నాగలింగం గారంటే మీరేనా?"

"నేనేనండి. కూర్చోండి. పట్ట కావాలా?"

"విశ్వసనీయ సమాచారం మేరకు తమరు అమెరికా ఫుట్‌బాల్ రాబోయే సీజను నిమిత్తం నిరీక్షిస్తున్నట్టు తెలియవచ్చింది. వాస్తవమేనా?"

"వాస్తవమేనండి. ఎదురుచూస్తున్నాను."

"ఎంత మేరకు?"

ఇలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "బాగానేనండి" అన్నాను.

"రాసుకోండి. గణనీయంగా" అన్నారు కమిషనర్ గారు. అనంతశయనం రాసుకున్నాడు. "ఇతర పౌరులెవరైనా?"

"నేనొక్కణ్ణేనండి."

ఆయన ముఖం వాడిపోయింది. తల పైకెత్తి నా పట్ట కేసి చూశారు. అక్కణ్ణించి చూపు మెల్లగా రోడ్డు వైపు నడిచి, మూడడుగుల అవతల ఆగింది.

"పట్ట బావుందండీ. కొంచెం ముందుకొచ్చినట్టుంది."

వ్యాపారంలో ధర చెప్పనవసరం లేని బేరాలు కొన్ని ఉంటాయి. "తమరు చెప్పండి, ఎంతమంది ఎదురుచూడాలో" అన్నాను.

అలా నన్ను సింగరాయపేట పట్టణ అధీకృత నిరీక్షకుడిగా నియమించారు. జీతం లేదు, బిళ్ళ ఉంది. బిళ్ళ మీద కొంగ. దాన్ని వేసినవాడు ఎప్పుడూ కొంగని చూడనట్టుంది, కోడికి కాళ్ళు సాగదీశాడు.

వారం తిరగకుండా వార్డుకింతమందని నిరీక్షణ లక్ష్యాలు వచ్చాయి. పొదుపు సంఘాల ఆడవాళ్ళు కోడిగుడ్డు ఆకారంలో ముగ్గులు వేశారు. మునిసిపల్ ఇంజనీరు హైస్కూలు మైదానంలో రెండు కరెంటు స్తంభాలు పాతి గోలు అన్నాడు. సాయంత్రానికి వాటి మధ్య తాడు కట్టి ఎవరో దుప్పట్లు ఆరేశారు. తాడు మా కొట్లోదే. బంతి దొరక్కపోతే పీచు తియ్యని కొబ్బరికాయతో ప్రదర్శన ఆట పెట్టించారు. తొమ్మిదో వార్డు కౌన్సిలర్ గారు దాన్ని పట్టుకుని నలుగురిని తోసుకుంటూ గీత దాటారు, ఆగకుండా వినాయకుడి గుడి దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ గుమ్మం ముందు కొట్టేశారు. దీన్ని గోలు కింద లెక్కించాలా, మొక్కు కింద లెక్కించాలా అన్నది కౌన్సిల్లో రెండు గంటలు చర్చించి, సబ్ కమిటీకి పంపారు.

మునిసిపల్ టౌను హాల్లో నిరీక్షణ కేంద్రం తెరిచారు. వరసలుగా కుర్చీలు, ఎదురుగా ఖాళీ గోడ. వార్డుల వారీగా జనం వచ్చి గోడ కేసి చూస్తూ గంటసేపు ఎదురుచూడాలి. మస్తాన్ వలికి వేరుశెనక్కాయలు తింటూ ఎదురుచూసినందుకు మెమో ఇచ్చారు.

వాడు ఆ కాయితం పట్టుకుని నా కొట్టుకి వచ్చాడు. "ఏంది శెట్టీ ఇది? ఏకాగ్రత లేదంట నాకు. నలభై ఏళ్ళ నుంచి ట్యూబులో గాలి ఎక్కడ పోతందో నీళ్ళలో ముంచి చూస్తన్నా. నాకంటే ఏకాగ్రత ఎవుడికుంది ఈ ఊళ్ళో?"

"క్షమించమని రాసియ్యి మస్తానూ. నా పట్ట ఉంది పైన."

"నీ పట్ట కోసం మా వార్డంతా గోడ చూడాలా?"

ఒక తాడు చుట్ట ఇచ్చాను. వాడు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇదంతా నేను లెక్క కట్టుకునే భరించాను. ఎన్ని ముగ్గులేసినా, ఎన్ని కొబ్బరికాయలు పగలగొట్టినా, సోమవారం తెల్లవారుజామున మొదటి ఆట నాకు దక్కితే చాలు. మిగతా ఖర్చంతా దాని మీద రాసుకోవచ్చు. ఆట ఇంకా నాలుగు రోజులుందనగా అనంతశయనం మనుషుల్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. వచ్చి టీవీ విప్పడం మొదలెట్టాడు.

"అదెందుకండీ విప్పుతున్నారు?" అంది సుభాషిణి.

"నిరీక్షణ పరిరక్షణ నిమిత్తం అమ్మా" అని అతను కాయితం తీసి చదివాడు. "పోటీ వీక్షించిన తక్షణం పౌరుడి నిరీక్షణ ముగిసినట్టుగా పరిగణించబడును. సదరు ముగింపు గౌరవ ముఖ్య అతిథి గారి చేతుల మీదుగా మాత్రమే జరుగవలెను. ఈలోగా ఆ ఛానెల్ గల టీవీని స్వాధీనపరచుకుని, టౌను హాలు నందు ముద్ర వేసి ఉంచవలెను. పట్టణంలో ఆ ఛానెల్ మీ ఇంట్లోనే ఉందమ్మా."

"మరి నా సీరియళ్ళు?"

"వాటికి నిరీక్షణ మార్కులు లేవమ్మా."

నేను అప్పటికప్పుడు కమిషనర్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన నన్ను ఆదరంగా కూర్చోబెట్టి, ఇంకో కాయితం ముందు పెట్టారు. అధీకృత నిరీక్షకుడు ఫోను ద్వారా గాని, మనుషుల ద్వారా గాని, మరే ఇతర మార్గం ద్వారా గాని ఫలితం తెలుసుకోనని హామీపత్రం.

"ఆందోళన చెందకండి. ముఖ్య అతిథి గారు సోమవారం ఉదయం ఐదింటికల్లా విచ్చేసి రిబ్బను కత్తిరిస్తారు. ముద్ర తీస్తారు. మీరు ముందు వరసలో కూర్చుని చూస్తారు. పట్టణం యావత్తూ మీతో చూస్తుంది."

"ఆయన రాకపోతేనండి?"

"రాకపోవడం అనే దానికి విధివిధానాలు రూపొందించలేదు" అన్నారు ఆయన. తర్వాత, సందర్భం లేకుండా, "ఎండలు ఎక్కువగా ఉన్నాయి ఈ ఏడు. నీడ అవసరమే" అన్నారు. నేను సంతకం పెట్టాను.

సోమవారం చీకటి విడకముందే టౌను హాలు నిండిపోయింది. టీవీని వేదిక మీద పెట్టి, పైన పట్ట కప్పి, చుట్టూ తాడు కట్టి, ముడి మీద లక్క పోసి ముద్ర వేశారు. పట్ట కూడా మాదే, కొంగ బొమ్మది. ఐదు దాటింది. వెల్‌ఫోర్డులో జాతీయగీతం పాడుతూ ఉంటారు. ఐదున్నర దాటింది. కమిషనర్ గారు ఫోనులో వంగి వంగి మాట్లాడి మైకు దగ్గరికి వచ్చారు.

"గౌరవ ముఖ్య అతిథి గారు అనివార్య కారణాల వల్ల గొల్లవరంలో ఐస్ హాకీ నిరీక్షణ కేంద్రం ప్రారంభిస్తున్నారు. అనంతరం విచ్చేస్తారు. ఈలోగా ఉత్సాహం సడలనీయవద్దు."

నేను లేచాను. "అయ్యా, అక్కడ ఆట మొదలయ్యే ఉంటుందండి ఈపాటికి. పట్ట ఓ మూల కాస్త ఎత్తనివ్వండి. స్కోరు చూసి మళ్ళీ కప్పేస్తాను."

"నాగలింగం గారూ, అక్కడ మొదలైతే అది వాళ్ళ పరిపాలనా పరిధి. మన మునిసిపల్ పరిధిలో పోటీ ఇంకా ప్రారంభం కాలేదు."

"అక్కడ అయిపోతుందండి."

"అవ్వచ్చు. పోటీ పూర్తయినంత మాత్రాన నిరీక్షణ పూర్తి కాదు. రెండూ వేర్వేరు పద్దులు."

జనం చప్పట్లు కొట్టారు. ఎనిమిదింటి దాకా కూర్చుని ఉప్మా తిని వెళ్ళిపోయారు. ఏడాది పొడుగునా ఎదురుచూసిన ఆట నా సొంత టీవీలో, నా సొంత పట్ట కింద, ముద్ర వెనకాల అయిపోయింది. నేను వెళ్ళి ఆ పట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. కింద టీవీకి కరెంటు కూడా పెట్టలేదు.

ముఖ్య అతిథి ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. నేను అర్జీ మీద అర్జీ పెట్టాను. ఆయనకి తీరుబడి దొరికిన రోజున కమిషనర్ గారికి సమీక్షా సమావేశం, ఈయనకి తీరుబడి దొరికిన రోజున ఆయనకి పెళ్ళిళ్ళు. ఇలా ఉండగా సింగరాయపేటకి ఉత్సాహ సూచికలో మొదటి ర్యాంకు వచ్చింది. గొల్లవరం పోస్టుమాస్టరు మనవడి ఫోనులో ఐస్ హాకీ చూస్తూ దొరికిపోయాడట.

అక్టోబరు మొదట్లో ఒక రాత్రి భోజనం దగ్గర సుభాషిణి నన్ను పరీక్షగా చూసింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఏం?"

"ప్రతి ఏడూ ఈపాటికి అన్నం కెలికి లేచిపోయేవారు. ఇప్పుడు మూడోసారి పెరుగు వడ్డించుకుంటున్నారు."

చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నిజమే. ఏడాదేడాదీ ఇదే రోజుల్లో నేను గిరాకీ మీద విసుక్కునేవాణ్ణి, బేళ్ళు తప్పు లెక్కపెట్టేవాణ్ణి. ఈసారి పాటలు పాడుకుంటూ తాళ్ళు చుడుతున్నాను. అక్టోబరు వచ్చినా నాకింకా ఆగస్టే. కొత్త శిక్షకుడు ఇంకా గట్టివాడే. అతుక్కున్న మోకాలు అతుక్కునే ఉంది. ఊరంతా నన్ను, "శెట్టిగారూ, ఈ ఏడు మన కొంగలదే కదండీ?" అని అడుగుతోంది. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. మా ఊరికొచ్చే పేపర్లలో ఆ సంగతులు ఎప్పుడూ పడవు.

భయం మొదలైంది మస్తాన్ వలి వల్ల. ఒకరోజు ఫోను ఊపుకుంటూ వచ్చాడు.

"శెట్టీ, మా బామ్మర్ది కొడుకు చెప్పాడు మీ కొంగల సంగతి. చెప్పమంటావా?"

"వద్దు."

"ఒక్క ముక్కే."

"వద్దంటున్నాగా. ఏం కావాలో తీసుకో."

వాడు పెద్ద పట్ట ఒకటి తీసుకున్నాడు. పై వారం ఇంకోటి, ఆ పై వారం మరోటి. నవంబరు వచ్చేసరికి వాడి పంక్చర్ల కొట్టుకి పైకప్పు, వెనక తడిక, స్నానాలగది మొత్తం నా సరుకుతోనే లేచాయి. ఇచ్చినందుకు నాకు బాధ లేదు. రైతు మబ్బు చూసి పట్ట కొనుక్కున్నట్టే నేనూ కొనుక్కుంటున్నాను.

జనవరి నెలలో, పోటీలు చివరికొచ్చే రోజుల్లో, కమిషనర్ గారు నవ్వుతూ కొట్టు మెట్లెక్కారు. వెనకాల అనంతశయనం. అతని చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కత్తెర.

"నాగలింగం గారూ, తమరి చిరకాల వాంఛ నెరవేరబోతోంది. గౌరవ ముఖ్య అతిథి గారు ఎల్లుండికి అంగీకారం తెలియజేశారు. టీవీ ముద్ర తీస్తారు. సీజను మొదటి నుంచీ జరిగిన పోటీలన్నీ వరసగా ప్రదర్శించడానికి ఏర్పాట్లు చేస్తున్నాం. ఫలితాలతో సహా."

"ఫలితాలెందుకండీ?"

"నిరీక్షణకి సార్థకత ఉండాలి కదండీ."

"ముఖ్య అతిథి గారికి ఇంకేమైనా పని తగులుతుందేమో ఓసారి కనుక్కోండి. పెళ్ళిళ్ళూ అవీ."

"మూఢాలు. పెళ్ళిళ్ళు లేవు."

"ముద్ర అలాగే ఉంచకూడదా అండీ? ర్యాంకు కూడా ఉంటుంది కదా."

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "ముద్ర తియ్యమని పద్నాలుగు అర్జీలు పెట్టింది తమరే. ఇప్పుడు ఉంచాలంటే బలమైన కారణం చూపించాలి. ఏ ప్రాతిపదిక మీద ఉంచమంటారు?"

నేను తల ఎత్తి చూశాను. ఆయన నా చూపు వెంటే చూశారు. పట్ట గాలికి మెల్లగా ఊగుతోంది. మా నాన్నగారు కట్టిన గుంజలు. ఎంతమంది కమిషనర్లొచ్చినా అంగుళం ఇవ్వని నీడ.

"మూడడుగులూ వెనక్కి జరుపుకుంటానండి" అన్నాను.

అనంతశయనం పళ్ళెం కింద పెట్టేశాడు. కమిషనర్ గారు జేబులోంచి పెన్ను తీసి, "ప్రజాభీష్టం మేరకు నిరీక్షణను తదుపరి ఉత్తర్వుల వరకు పొడిగించడమైనది" అని తనే చెప్పుకుంటూ తనే రాసుకున్నారు.

ఆ సాయంత్రమే నేను బల్ల మీదికెక్కి గుంజల ముడులు విప్పాను. పంక్చర్ల కొట్టులోంచి మస్తాన్ వలి లేచి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా శెట్టీ? ఎండంతా నెత్తి మీద పడద్ది."

"పడనీ. ఆ కొస పట్టుకో."

వాడు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పట్ట మడత పెడుతుంటే, వాడు కాస్త నసిగి, "ఒక సంగతి చెప్తా, ఏమనుకోమాక. మీ కొంగల గురించి నాకేం తెలీదు. బామ్మర్ది కొడుక్కీ తెలీదు. వాడు కబడ్డీ చూస్తాడు" అన్నాడు.

"మరి పట్టలు?"

"స్నానాలగదికి కావాల్సొచ్చినై."

నేను చివరి మడత పెట్టేశాను. నిజంగా తెలిసినవాడి నోరు మూయించడం కంటే, తెలియనివాడి నోరు మూయించడమే చౌక.

టీవీ ఇప్పటికీ టౌను హాల్లోనే ఉంది, కొంగ పట్ట కింద. సుభాషిణికి కొత్త టీవీ కొన్నాను. ఆ ఛానెల్ రాకుండా చూసుకోమని డిష్షు వాడికి మరీ మరీ చెప్పాను. కొట్టు ముందు ఎండ మధ్యాహ్నానికల్లా గల్లాపెట్టె దాకా వస్తోంది. నేను తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుంటున్నాను.

కిందటి వారం కమిషనర్ గారికి బదిలీ అయింది. వెళ్ళేముందు చెప్పిపోదామని వచ్చారు. మజ్జిగ తాగి, గ్లాసు పెట్టి, మనిషి ముందుకు వంగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని అడిగారు. ఆఫీసు భాష లేదు ఆ గొంతులో.

"ఇంతకీ, మన మనిషి అనుకుని చెప్పండి. గెలిచారంటారా, మన కొంగలు?"

"తొందరపడకండి సార్" అన్నాను. "మన దగ్గర ఇంకా మొదలే కాలేదు కదా."